నేటికిని నడచుచున్న తొలినాటి మోటారుబండ్లు

ప్రపంచములోని మోటారుబండ్లలో మిక్కిలి ప్రాచీనమైనది ఏది అని ఎవరైన అడిగినచో వెంటనే సమాధానము చెప్పుట కష్టము. ఆ ఒక్క ప్రశ్నలో మూడు ప్రశ్నలు ఇమిడియున్నవి. మొట్టమొదట నిర్మింపబడిన బండి ఏది? పూర్వము నిర్మింపబడిన వానిలో శిథిలము గాక నేటికిని నిలిచియున్నది ఏది? అట్లు నిలిచియున్న వానిలో ఇప్పటికిని తన యంత్రబలముతో బాటమీద నడువగలిగినది ఏది? మొదటి ప్రశ్నకు సమాధానము చరిత్ర గ్రంథములలో దొరకును. రెండవదానికి ప్రదర్శనశాలలలో దొరకును. మూడవదానికి మాత్రము బాటమీదికి పోయి చూడవలెను. నేటి ప్రసంగమునకు విషయము ఈ మూడవ ప్రశ్న.

ఈ మూడింటికిని గల భేదమును ఒక ఉదాహరణముతో తెలిసికొనవచ్చును. ఫ్రెంచి సైన్యములో ఇంజనీరుగా నుండిన నికొలా జోసెఫ్ క్యూన్యో 1770 ప్రాంతమున ఫిరంగులను లాగుటకై ఒక ఆవిరి శకటమును నిర్మించెను. దానికి మూడు చక్రములు. ముందుచక్రమునకు ఎదుట పెద్ద గుండిగవంటి బాయిలరు వ్రేలాడుచుండును. మనుష్యుడు మెల్లగా నడచునంతటి వేగముతో అది కదలెడిది. ఆ బండి నేటికిని పారిస్ నగరములోని కళా వృత్తి విద్యల ప్రదర్శనశాలలో పదిలముగా ఉన్నది. కాని దాని బాయిలరు క్రింద మరల నిప్పు రాజబెట్టుటకు ఎవరును సాహసింపరు. ఆ లోహము అంత పాతది, ఆ వస్తువు అంత అమూల్యము. కావున అది నిలిచియున్న బండియే గాని నడచుచున్న బండి కాదు. దానిని పోలిన నమూనా నొకదానిని ఫ్రాన్సుదేశపు విద్యార్థులు 2010లో నిర్మించిరి. ఆ నమూనా నడచును. మూలము విశ్రమించుచున్నది.

నడచు బండ్లలో అగ్రస్థానము కొరకు పోటీపడు వానిలో ముఖ్యమైనది “లా మార్కీజ్” అనునది. 1884లో ఫ్రాన్సులో నిర్మింపబడిన ఈ ఆవిరికారునకు దాని యజమాని కౌంట్ ద దియోన్ తన తల్లి గౌరవార్థము ఆ పేరు పెట్టెను. మార్కీజ్ అనగా ప్రభుపత్ని అని అర్థము. ఈ కౌంటు ధనవంతుడు, విలాసపురుషుడు, యంత్రములనిన మక్కువ గలవాడు. 1881లో ఆయన పారిస్‌లోని ఒక అంగడిలో ఆటవస్తువుగా చేయబడిన చిన్న ఆవిరియంత్రమును చూచి, దానిని చేసినవారెవరని విచారించెను. బూతోన్, త్రెపార్దూ అను ఇరువురు బావమరదులు ఒక చిన్న కర్మశాలలో అట్టి వస్తువులను చేసికొని పొట్టపోసికొనుచున్నారని తెలిసినది. కౌంటు వారికి పెట్టుబడి పెట్టెను. బొమ్మ యంత్రములు చేసిన చేతులు మూడేండ్లలో మనుష్యులను మోయు యంత్రమును చేసినవి.

ఈ బండి పొడవు సుమారు 9 అడుగులు. బరువు ఇంచుమించు 950 కిలోలు. నలుగురు కూర్చుండవచ్చును, ఇద్దరు ముందువైపునకు, ఇద్దరు వెనుకవైపునకు మొగము చేసి, వీపులు ఆనించి కూర్చుందురు. బాయిలరు ముందుభాగమున ఉన్నది. నీటితొట్టి పీట క్రింద ఉన్నది. బొగ్గుగాని, కట్టెగాని, తుదకు కాగితపు ముక్కలుగాని ఇంధనముగా పనికివచ్చును. ఆవిరి తగినంత పుట్టుటకు ముప్పాతిక గంట కాలము పట్టును. ఆవిరి పుట్టిన పిమ్మట, రైలు ఇంజనులో వలెనే, కడ్డీల మూలమున వెనుక చక్రములు త్రిప్పబడును. ఒకసారి నింపిన నీటితో దాదాపు 20 మైళ్లు పోవచ్చును. తిన్నని బాటమీద గంటకు 38 మైళ్ల వేగమును అందుకొనగలదని దీనికి ప్రసిద్ధి. 1887లో పారిస్ నగరములో ఒక పత్రికవారు యంత్రశకటముల పందెము ఏర్పాటు చేయగా ఈ బండి తప్ప మరియొకటి రాలేదు. పోటీదారుడు లేని ఆ పందెమును కొందరు చరిత్రకారులు ప్రపంచములో మొదటి మోటారు పందెముగా లెక్కింతురు.

1906లో ఈ బండి ఒక ఫ్రెంచి సైనికాధికారి చేతికి వచ్చినది. ఆ కుటుంబమువారు దానిని 81 సంవత్సరములు ఉంచుకొనిరి. మొదటి ప్రపంచ యుద్ధకాలమున దాని రాగి ఇత్తడి భాగములు యుద్ధావసరములకు పోయినవని చెప్పుదురు. 1987లో అది చేతులు మారి ఇంగ్లండు చేరినది. అక్కడ దానిని బాగుచేసి, మరల ఆవిరి పుట్టించి, నాలుగు పర్యాయములు లండను నుండి బ్రైటనుకు నడిపిరి. 2011లో అమెరికాలో జరిగిన వేలములో అది 46 లక్షల 20 వేల డాలర్లకు అమ్ముడుపోయినది. నడువగల కార్లలో మిక్కిలి పాతదని గిన్నిసు గ్రంథము దీనినే పేర్కొన్నది.

అయితే ఇచట ఒక చిక్కు కలదు. ఇంగ్లండులో రాబర్ట్ నెవిల్ గ్రెన్‌విల్ అను నాయన 1875 ప్రాంతమున ఆరంభించి నిర్మించిన మూడు చక్రముల ఆవిరి శకటము ఒకటి నడువగల స్థితిలోనే నిలిచియున్నది. కాలమునుబట్టి అది లా మార్కీజ్ కంటె ముందుది. కాని దానిని నడుపుటకు చోదకుడు గాక, బొగ్గు వేయువాడు వేరుగా కావలెను. చూచుటకు అది బాటమీదికి వచ్చిన చిన్న రైలు ఇంజనువలె ఉండును. దానిని కారు అనవలెనా, శకటము అనవలెనా? పేరునుబట్టి బిరుదు మారుచున్నది. అసలు ఆవిరి బండ్లు మోటారుకార్లే కావనియు, పెట్రోలు యంత్రము గలవే కార్లనియు వాదించువారు మరికొందరు. వారి మాట వినవలెనన్న మనము జర్మనీకి పోవలెను.

మాన్‌హైం నగరవాసియైన కార్ల్ బెంజ్ 1886 జనవరి 29వ తేదీన తన మూడు చక్రముల మోటారుబండికి పేటెంటు కోరుచు దరఖాస్తు చేసెను. ఆ పత్రము సంఖ్య 37435. అంతకు పూర్వము గుఱ్ఱపుబండికి యంత్రమును తగిలించినవారు ఉండిరి. బెంజ్ మాత్రము బండిని, యంత్రమును కలిపి ఒకే వస్తువుగా ఊహించెను. దాని యంత్రమునకు ఒకే సిలిండరు. బలము ముప్పాతిక గుఱ్ఱపుశక్తి. గరిష్ఠ వేగము గంటకు 16 కిలోమీటర్లు. వెనుకనున్న పెద్ద చక్రమును చేతితో త్రిప్పి యంత్రమును మేల్కొల్పవలెను. సిలిండరును చల్లబరచు నీరు మరగి ఆవిరియై పోవుచుండును. కావున దారిపొడవున నీరు పోయుచుండవలెను.

ఈ బండి నిత్యోపయోగమునకు పనికివచ్చునని లోకమునకు చూపినది కార్ల్ బెంజ్ కాదు, ఆయన భార్య బెర్తా. 1888 ఆగస్టులో ఆమె తన ఇద్దరు కుమారులను, 15 ఏండ్ల ఆయిగెనును, 13 ఏండ్ల రిచర్డును, వెంటనిడుకొని, భర్తకు ముందుగా చెప్పకయే, మాన్‌హైం నుండి ఫోర్ట్‌స్‌హైంలోనున్న పుట్టినింటికి బండిమీద బయలుదేరినది. దూరము నూరు కిలోమీటర్లకు పైమాట. ఆనాడు పెట్రోలు బంకులు లేవు. వీస్లోఖ్ అను ఊరిలో మందుల అంగడివాని వద్ద, బట్టలపై మరకలు పోగొట్టుటకు వాడు లిగ్రోయిన్ అను ద్రవమును కొని, దానినే ఇంధనముగా పోసిరి. ఇంధనపు గొట్టము పూడుకొనగా ఆమె టోపీకి గ్రుచ్చుకొను సూదితో దానిని శుభ్రపరచినది. బ్రేకు చెక్కలు అరిగిపోగా ఒక చర్మకారునిచే వానికి తోలు కొట్టించినది. ఎత్తైన చోట్ల పిల్లలు దిగి బండిని నెట్టిరి. తిరిగివచ్చిన పిమ్మట ఆమె అనుభవమునుబట్టియే బెంజ్ ఎత్తులెక్కుటకు అనువగు ఇంకొక గేరును చేర్చెను.

ఈ వృత్తాంతమును కొంత విస్తరించి చెప్పుటకు కారణము గలదు. ఒక యంత్రము నడచుటకు లోహము ఒక్కటి చాలదు. ఎప్పుడు నీరు పోయవలెను, ఏ శబ్దము వచ్చిన ఆపవలెను, ఏ గొట్టము ఎక్కడ పూడుకొనును, బ్రేకునకు ఏ తోలు పనికివచ్చును అను జ్ఞానము కూడ కావలెను. బెర్తా ఆనాడు బండిని నడుపుచునే ఈ జ్ఞానమును సంపాదించినది. బెంజ్ మొదటి బండి 1906లో మ్యూనిక్ నగరములోని జర్మను ప్రదర్శనశాలకు చేరినది. నేడు ఉత్సవములలో మనకు కనిపించు మూడు చక్రముల బెంజ్ బండ్లు పెక్కుభాగము తరువాతి కాలమున చేసిన నమూనాలే. నమూనాను నడుపువాడు సైతము బెర్తా నేర్చినదంతయు నేర్వవలసినదే.

డెన్మార్కు దేశమున హామెల్ బండి అను మరియొకటి కలదు. ఆల్బర్ట్ హామెల్ అను యజమాని కర్మశాలలో హన్స్ ఉర్బాన్ యోహాన్సెన్ అను యంత్రకారుడు దీనిని నిర్మించెను. పరంపరగా వచ్చిన మాట ప్రకారము అది 1886–1888 నాటిది. అదియే నిజమైనచో నాలుగు చక్రముల పెట్రోలు బండ్లలో దానికి గొప్ప స్థానము దక్కును. అయితే పరిశోధకులలో కొందరు దాని నిర్మాణమును 1890 దశకమునకు దించిరి. తేదీ సంగతి యెట్లున్నను దాని నడక సందేహము లేనిది. 1954లో దానిని ఇంగ్లండుకు తెచ్చి లండను నుండి బ్రైటనుకు నడిపిరి. 60 మైళ్ల బాటకు పండ్రెండున్నర గంటలు పట్టినది. నడుమ ఎన్నో బండ్లు దానిని దాటిపోయినవి. అది మాత్రము గమ్యమును చేరినది.

లండను–బ్రైటను యాత్ర అని పలుమార్లు చెప్పవలసివచ్చినది. దాని సంగతి కొంత తెలిసికొనుట మంచిది. ఇంగ్లండులో 1865 నాటి శాసనము ప్రకారము యంత్రశకటములు పల్లెబాటలలో గంటకు 4 మైళ్లు, పట్టణములలో 2 మైళ్లు మించి పోరాదు. ముందు ఒక మనిషి ఎఱ్ఱజెండా పట్టుకొని నడువవలెను. జెండా నిబంధన 1878లో సడలినను వేగపు హద్దు మాత్రము 1896 వరకు నిలిచినది. ఆ యేట వచ్చిన క్రొత్త శాసనము వేగమును గంటకు 14 మైళ్ల వరకు పెంచినది. ఆ విమోచనమునకు సంతోషసూచకముగా 1896 నవంబరు 14వ తేదీన మోటారుబండ్లవారు లండను నుండి సముద్రతీరమునందలి బ్రైటనుకు యాత్ర చేసిరి. 1927లో ఒక పత్రికవారు ఆ యాత్రను పునరుద్ధరించిరి. రెండవ ప్రపంచ యుద్ధకాలమునను, పెట్రోలు కొరతగానున్న 1947లోను, మహమ్మారి వ్యాపించిన 2020లోను తప్ప ఏటేట నవంబరు మొదటి ఆదివారమున అది జరుగుచు వచ్చినది. 1905 జనవరి 1వ తేదీకి పూర్వము నిర్మింపబడిన బండ్లకే అందు ప్రవేశము. ఇది పందెము కాదు. సగటు వేగము గంటకు 20 మైళ్లు మించరాదని నియమము.

ఆ ఉదయము హైడుపార్కులో కనిపించు పనులను గమనించినచో పాతబండి నడచుట ఎంత శ్రమతో కూడినదో తెలియును. ఒకడు ఇనుప పిడిని చేతపట్టి యంత్రమును త్రిప్పును. పిడి వెనుకకు తన్నినచో మణికట్టు విరుగును. అందుచేత బొటనవ్రేలిని పిడిచుట్టు బిగింపక మిగిలిన వ్రేళ్ల ప్రక్కననే ఉంచి పట్టుకొనవలెను. వేరొకడు చిన్న దీపమును వెలిగించి ఒక గొట్టమును ఎఱ్ఱగా కాల్చును. విద్యుత్తు మెరుపుతో ఇంధనమును మండించు పద్ధతి స్థిరపడకముందు, 1890 ప్రాంతపు బండ్లలో పెక్కింట, ఈ కాలిన గొట్టమే ఆ పని చేసెడిది. మరియొకడు గాజుబుడ్ల నుండి చమురు బొట్లు బొట్లుగా పడుచున్నదో లేదో చూచుచుండును. నేటి కార్లలో చమురు లోపల తిరిగి తిరిగి వచ్చును. ఆ బండ్లలో పడిన చమురు తన పని తీర్చుకొని నేలపాలగును. బొట్లు ఆగినచో యంత్రము కొద్దిసేపటిలో పట్టివేయును. ఈ సంగతులలో కొన్ని పుస్తకములలో ఉన్నవి. ఎన్ని బొట్లు చాలును, ఎంత కాలిన చాలును అనునది మాత్రము చేతికి, చెవికి తెలియవలసినది.

ఇప్పుడు అసలు వివాదమునకు వత్తము. ఇంత పాత వస్తువును నడుపవచ్చునా? ప్రదర్శనశాలల అధికారులు ఇట్లు అందురు: “బండి నడచిన ప్రతి మైలునకు దాని లోహము అరుగును. అరిగిన భాగమును తీసి క్రొత్తది వేయుదురు. ఆ పాత భాగముమీద ఆకురాయి గీతలు, సుత్తి దెబ్బలు ఉండును. ఆనాటి పనివాడు ఎట్లు పనిచేసెనో చెప్పు సాక్ష్యములవి. కొంతకాలమునకు అట్టి సాక్ష్యములన్నియు తుడిచిపెట్టుకొనిపోయి పేరు మాత్రమే పాతదిగా మిగులును.” ఇది కాదనరాని మాట. ఆవిరిబండి విషయములో మరియొక భయము కలదు. బాయిలరు పగిలినచో బండియే కాదు, మనుష్యుల ప్రాణములు కూడ పోవును. అందుచేత పాత బాయిలరును బాటమీదికి తేవలెనన్న పరీక్షింపవలెను, పరీక్షలో నిలువనిచో మార్చవలెను. ఆవిరిబండికి ప్రాణమే బాయిలరు. ప్రాణమును మార్చిన బండి ఆ బండియేనా?

నడుపువారి సమాధానము వేరు. “కదలని యంత్రము త్రుప్పుపట్టును, తోలు ఎండి పగులును, చమురు గడ్డకట్టును. అంతకంటె ముఖ్యముగా, దానిని నడుపు విద్య నశించును. ఆ విద్య ఒక తరము చేతినుండి మరియొక తరము చేతికి అందవలెను. నడుమ ముప్పది యేండ్లు బండి నిలిచిపోయినచో, తరువాత ఎంత ధనమిచ్చినను నేర్పువాడు దొరకడు.” ఇదియు కాదనరాని మాటయే. మన పల్లెలలో బండికి ఇరుసు మార్చుదురు, చక్రము మార్చుదురు, కాడి మార్చుదురు. అయినను అది తాతగారి బండియే యందురు. పనిచేయు వస్తువునకు అతుకులు దోషము కావు.

ఈ రెండు వాదములకును సంధి కుదుర్చుటకు ప్రయత్నములు జరిగినవి. 1966లో స్థాపింపబడిన ప్రాచీన వాహనముల అంతర్జాతీయ సమాఖ్యవారు 2012లో “టూరిన్ నియమావళి” అను పత్రమును ఆమోదించిరి. ప్రాచీన వాహనములను కేవలము దాచియుంచుట చాలదనియు, బాటమీద వాడుక కూడ వాని సంరక్షణలో భాగమనియు అది చెప్పుచున్నది. అదే సమయమున, చేసిన మార్పులను వ్రాసి ఉంచవలెననియు, క్రొత్తగా వేసిన భాగములను గుర్తించుటకు వీలుండవలెననియు కోరుచున్నది. తత్త్వము స్పష్టమే. బండిని నడుపుము, కాని ఏది పాతదో ఏది క్రొత్తదో రాబోవువారికి తెలియకుండ చేయకుము.

అయితే బాటయే మారిపోవుచున్నది. ఇటీవలి కాలమున పెక్కు దేశములలో పెట్రోలునందు ఇథనాలు అను సారాయి జాతి ద్రవమును కలుపుచున్నారు. బ్రిటనులో నూటికి 10 వంతులు కలిపిన పెట్రోలు 2021లో సాధారణ ఇంధనమైనది. మన దేశములో 2025 నాటికి నూటికి 20 వంతులు కలియుచున్నది. ఇథనాలు గాలిలోని తేమను పీల్చుకొనును. తేమ చేరిన ఇంధనము పాతబండ్ల తొట్లకు త్రుప్పు పట్టించును. వాని రబ్బరు గొట్టములు, బిరడాలు ఇథనాలునకు ఉబ్బి పగులును. క్రొత్త కార్లను దానికి తగినట్లు నిర్మింతురు. నూరేండ్ల నాటి బండ్లలో పెక్కు అట్లు నిర్మింపబడినవి కావు. కావున నేడు పాతబండిని నడుపువాడు యంత్రశాస్త్రముతో పాటు కొంత రసాయనశాస్త్రమును కూడ నేర్వవలసివచ్చినది.

మన ప్రాంతమునకు కూడ ఈ చరిత్రతో సంబంధము కలదు. ఇంతవరకు చెప్పిన వానివలె అంత ప్రాచీనములు కాకపోయినను, ఇదే ప్రశ్నను మన ముందుంచు బండ్లు రెండున్నవి. హైదరాబాదులోని చౌమహల్లా భవనములో రోల్స్ రాయిస్ వారి సిల్వర్ ఘోస్ట్ ఒకటి ప్రదర్శింపబడుచున్నది. 1911లో మరణించిన ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాను ఏలుబడిలో దానిని తెప్పించుటకు ఏర్పాటు జరిగినది. ఊరేగింపులకై సింహాసనము వంటి పీఠముతో చేయబడిన ఆ వాహనము నడచిన దూరము బహు స్వల్పము. రెండవది 1914లో ఇంగ్లండులోని మాంచెస్టరు ప్రాంతమున జాన్ మోరిస్ సంస్థవారు నిర్మించిన అగ్నిమాపక శకటము. అది నైజాం రైల్వేవారి కొలువులో దశాబ్దములు పనిచేసి, ఇప్పుడు ఢిల్లీలోని జాతీయ రైలు ప్రదర్శనశాలలో ఉన్నది. ఢిల్లీలో 1964లో ఆరంభమైన స్టేట్స్‌మన్ పత్రికవారి ప్రాచీన వాహనముల యాత్రలో అది స్వయముగా నడచి ప్రేక్షకుల మెప్పును పొందినది. ఒకటి వైభవమునకై పుట్టి దాదాపు చెక్కుచెదరక నిలిచినది. మరియొకటి పనికై పుట్టి, పనిచేసి, అరిగి, బాగుచేయబడి నిలిచినది. మొదటిదానిని చూచి ఆనాటి పనితనమును తెలిసికొనవచ్చును. రెండవదానిని చూచి ఆ పనితనమును కాపాడిన చేతులను గూర్చి తెలిసికొనవచ్చును. ఆ శకటమును ఇన్ని దశాబ్దములు నడువగల స్థితిలో ఉంచిన రైలు కర్మశాలల పనివారి పేర్లు ఏ ఫలకముమీదను కనిపింపవు.

ఇట్టి సందర్భములలో మనకు తోచు మార్గము ఒకటి. ఒక్కటియే మిగిలిన వస్తువు, క్యూన్యో శకటము వంటిది, విశ్రమించుటయే న్యాయము. దాని నమూనా నడచిన చాలును. పెక్కు మిగిలిన రకములలో కొన్నింటిని తాకక ఉంచి కొన్నింటిని నడుపవచ్చును. నడుపుదుమన్నవారు మూడు పనులు చేయవలెను. మార్చిన ప్రతి భాగమును తేదీతో వ్రాసి ఉంచవలెను. తీసిన పాత భాగమును పారవేయక భద్రపరుపవలెను. తమకు తెలిసిన విద్యను కనీసము ఒక చిన్నవానికో చిన్నదానికో నేర్పవలెను. ఈ మూడింటిలో మొదటి రెండింటికి కాగితము, పెట్టె చాలును. మూడవదానికి కాలము కావలెను, ఓర్పు కావలెను. అందుచేతనే దానిని వాయిదా వేయుచుందుము.

మన ఇండ్లలో కూడ ఇట్టి వస్తువు ఏదో ఒకటి ఉండకపోదు. పాత కుట్టుయంత్రము, గోడగడియారము, గ్రామఫోను, వాల్వుల రేడియో, ఇట్టివి. వానిని బాగుచేయగల పెద్దలు ఇంకను కొందరు ఉన్నారు. గడియారము ఎప్పుడు కొనిరో అని పెద్దలను అడుగుట మనకు అలవాటే. ఈసారి అది ఆగినప్పుడు ఏమి చేయుదురో కూడ అడుగుడు. వారు చేయుచుండగా ప్రక్కన కూర్చుండి చూడుడు. వీలైనచో ఒకసారి మీ చేతితో చేయుడు. లా మార్కీజ్ నూటనలువదేండ్లు దాటినను నడువగలుగుచున్నదన్న, దాని వెనుక ఇట్లు అడిగినవారు, చెప్పినవారు వరుసగా ఉండుటయే కారణము.